కిటికీ గడియ ఎవరి ఖాతాలో?

నగరంలో ఒంటరిగా ఇల్లు వెతుక్కునే స్త్రీని ఇంటి ఓనర్లు ఏమేం అడుగుతారో ఈ పత్రిక చదివేవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పెళ్ళయిందా, అయితే ఆయనేరీ, కాకపోతే ఎందుక్కాలేదు, మీరేమిట్లు, మాంసం వండుతారా, రాత్రి ఎన్నింటికి వస్తారు, ఎవరెవరు వచ్చిపోతుంటారు. ఈ విచారణ వెనకున్న కులాన్ని గురించీ, మతాన్ని గురించీ, స్త్రీ లైంగికతపై నిఘాను గురించీ మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. కానీ ఆ సంభాషణలో దాదాపు ఎప్పుడూ వినిపించని ప్రశ్న ఒకటుంది. అది ఆమె అడగాల్సినది. "పడగ్గది కిటికీకి గడియ పడుతుందా?"

ఎందుకడగదు? అడిగితే ఇల్లు దొరకదు గనక. పదిళ్ళు తిరిగి పదకొండో ఇంట్లో 'సరే' అనిపించుకున్న మనిషికి ఆ 'సరే' హక్కులా కనిపించదు, దయలా కనిపిస్తుంది. దయ చూపినవాళ్ళను తుప్పుపట్టిన గడియ గురించి నిలదీయడానికి నోరు రాదు. పైగా ఆ ప్రశ్న అడిగిన స్త్రీ మీద వెంటనే అనుమానం మొదలవుతుంది. ఇంత భయపడుతోందంటే వెనక ఏదో కథ ఉండే ఉంటుంది, మొగుణ్ణి వదిలేసి వచ్చిందేమో, ఎవడో వెంటపడుతున్నాడేమో, రేపు ఆ గొడవ మన గుమ్మం దాకా వస్తుందేమో. భద్రత కావాలని అడగడమే అద్దెకు ఆమె అర్హతను తగ్గించేస్తుంది. కాబట్టి అడ్వాన్సు కట్టి, సామాను దింపుకుని, మొదటి రాత్రి పడుకోబోయేటప్పుడు గాని ఆ గడియ సంగతి ఆమెకు తెలియదు.

వరకట్న హత్యలూ పరువు హత్యలూ జరుగుతుండగా గడియల మీద వ్యాసమేమిటని అనుకునేవాళ్ళుంటారు. మన మీటింగుల్లోనే ఆ మాట విన్నాను. నా వాదన ఇది. అద్దె ఇంట్లో స్త్రీకి నిర్భయంగా నిద్రపోయే హక్కు ఉందా లేదా అన్నది తేలేది ఆ రెండంగుళాల ఇనప ముక్క దగ్గరే. దాని ఖర్చునూ, దాని బాధ్యతనూ, అది లేకపోతే వచ్చే భయాన్నీ కలిపి ఆమె నెత్తిన పెట్టే ఏర్పాటు ఒకటి మన ఆచారంలోనూ చట్టంలోనూ స్థిరపడిపోయింది. 2011 జనగణన నాటికే దేశంలోని పట్టణ కుటుంబాల్లో నూటికి 27కు పైగా అద్దె ఇళ్ళలో ఉన్నాయి. ఇంతమంది జీవితాలకు సంబంధించిన ఏర్పాటు చిన్న విషయం కాదు.

ముందు హైదరాబాదులో ఆ కిటికీలెలా ఉంటాయో చూద్దాం. నల్లకుంట, చిక్కడపల్లి వైపు పాత ఇళ్ళలో చెక్క కిటికీలు. చువ్వలు చట్రంలోకి దిగేసి ఉంటాయి గనక అవి గట్టివే. కానీ ముప్ఫై వానాకాలాలు తడిసిన రెక్క ఉబ్బిపోయి చట్రంలో కూర్చోదు, బోల్టు కన్నానికి అంగుళం ఇవతలే ఆగిపోతుంది. ఆ తర్వాత లేచిన అపార్టుమెంట్లలో చాలాచోట్ల చట్రానికి బయటివైపునుంచి మరలతో బిగించిన గ్రిల్లు ఉంటుంది. ఆ మరలు విప్పడానికి కావలసింది ఒక స్క్రూడ్రైవరూ కాస్త తీరికా. కూకట్‌పల్లి, మియాపూర్, మణికొండల్లోని కొత్త ఫ్లాట్లలో జారుడు అద్దాల అల్యూమినియం కిటికీలు. వాటి చిన్న కొక్కెం లాంటి లాకు కొన్నాళ్ళకే వదులవుతుంది. అది సరిగ్గా పడినా, పైన అడ్డు బిళ్ళ పెట్టకపోతే అద్దం పలకను కొంచెం పైకెత్తి పట్టాలోంచి ఊడదీయొచ్చు. ఈ సంగతి దొంగలకు తెలుసు, బిల్డర్లకు తెలుసు, తెలియనిది లోపల పడుకునేవాళ్ళకే.

బాత్‌రూము వెంటిలేటర్ సంగతి మరీ అన్యాయం. అల్యూమినియం పట్టీల్లో గుచ్చిన గాజు పలకలు, ఒక్కొక్కటీ చేత్తో లాగితే వచ్చేస్తుంది. సరిగ్గా దాని పక్కనుంచే డ్రైనేజి పైపు కిందిదాకా దిగుతుంది, మధ్యలో కాలు మోపడానికి సజ్జా. ఇల్లు కట్టినవాడు తానే నిచ్చెన వేసిపెట్టినట్టు. ఇక డాబా మీద అనుమతి లేకుండా వేసి 'పెంట్‌హౌస్' అని పెద్ద పేరు పెట్టి అద్దెకిచ్చే ఒంటి గదులున్నాయి. తక్కువ అద్దెకు దొరికేది అదే గనక చిన్న ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకుంటారు. డాబా మీదకు నీళ్ళ ట్యాంకు చూడ్డానికి వచ్చేవాడూ, కేబుల్ వాడూ, పక్క పోర్షను కుర్రాళ్ళూ, అందరూ ఆ కిటికీ ముందునుంచే వెళ్ళాలి. చిన్న స్థలాల్లో ఇరుగిల్లుకీ పొరుగిల్లుకీ మధ్య మీటరు, మీటరున్నర సందు. అవతలి కిటికీలోని టీవీ వెలుగు ఇవతలి మంచం మీద పడుతుంది. వెలుగు వచ్చే దారిలోనే చూపూ వస్తుంది.

బస్తీల్లో గదికి ఒకే కిటికీ. అది నేరుగా గల్లీలోకి తెరుచుకుంటుంది. దానికి రెక్కలుండవు, పాత ఫ్లెక్సీ ముక్కో గోనెపట్టానో ఉంటుంది. అపార్టుమెంట్ల స్టిల్టులో, కార్ల మధ్య గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబాన్ని కూడా మనం లెక్కలోకి తీసుకోవాలి. భవనమంతటికీ భద్రత వాళ్ళ పని. ఆ గదికి కిటికీ ఉంటే దానికి గడియ ఉండదు, చాలాచోట్ల కిటికీయే ఉండదు. మొగుడు రాత్రి గేటు దగ్గర కూర్చుంటే పిల్లల్ని పక్కలో వేసుకుని లోపల పడుకునే ఆవిడ భద్రత గురించి అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగులో ఎవరూ ఎత్తరు.

ఈ పరిస్థితికి సమాజం చెప్పే పరిష్కారం ఒక్కటే: కిటికీ మూసుకో. తల్లి చెబుతుంది, ఓనరు చెబుతాడు, పోలీసులు చెబుతారు. సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు బంగారం జాగ్రత్త చేసుకోండని, స్టేషన్లో చెప్పి వెళ్ళండని ఏటా ప్రకటనలు వస్తాయి. తాళం వేసిన ఇళ్ళను కెమెరాలతో కనిపెట్టి ఉండే పథకాన్ని ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చారు. మంచిదే. కాకపోతే ఆ ఏర్పాట్లు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఇంటిని కాపాడేవి. ఇంట్లో మనిషి ఉన్నప్పుడు ఆ మనిషిని కాపాడే ఏర్పాటు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ అదే మాట, మూసుకో.

మూసుకుంటే ఏమవుతుంది? మే నెలలో పగలంతా కాగిన శ్లాబు కింద రాత్రి కిటికీలు మూసుకుని పడుకున్నవాళ్ళకు తెలుసు. కూలరు కిటికీలో పెట్టాల్సిన వస్తువు. కిటికీ మూసేస్తే అది ఉన్న తేమనే గదిలో తిప్పుతుంది. ఏసీ కొనగలిగినావిడ కరెంటు బిల్లుతో భద్రత కొనుక్కుంటుంది, కొనలేనావిడ నిద్ర మానేసి కొనుక్కుంటుంది. ఇళ్ళలో పని చేసే ఒకావిడ నాతో అన్న మాట: "ఎండాకాలం రెండు నెలలు మా అమ్మాయీ నేనూ వంతులేసుకుని పడుకుంటం మేడమ్, ఒకరు పడుకుంటే ఒకరు మేలుకోవాలె." పొద్దున్నే లేచి నాలుగిళ్ళలో అంట్లు తోమే మనిషి రాత్రి కిటికీకి కాపలా కాస్తోంది. ఆ కాపలా మన పరిశోధనల్లో ఏ లెక్కలోకీ రాలేదు. స్త్రీల వేతనం లేని శ్రమ అంటే వంటా పిల్లలూ అనే రాసుకుంటూ వచ్చాం.

ఇక చట్టం సంగతి. మన భవన నిర్మాణ ప్రమాణాలు కిటికీని పూర్తిగా మర్చిపోలేదు. గదిలోకి గాలి రావడానికి తెరుచుకునే భాగం నేల వైశాల్యంలో ఎంత ఉండాలో జాతీయ భవన నిర్మాణ కోడ్ చెబుతుంది. పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు, తేమ వేడి ప్రాంతాల్లో ఆరో వంతు. అంటే గాలికి కొలత ఉంది. ఆ గాలిని భయం లేకుండా లోపలికి రానిచ్చే బాధ్యత ఎవరిదన్నది ఇల్లు అద్దెకిచ్చే చట్టాలు తేల్చాలి. అవి తేల్చిన తీరు చూడండి.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. దాని రెండో షెడ్యూలులో మరమ్మతుల పంపకం ఉంది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు యజమాని వంతు. కిటికీల, తలుపుల పిడులూ తాళాలూ మార్చడం, పగిలిన అద్దాలు వేయించడం, దోమల జాలీ మార్చడం అద్దెకున్నవాళ్ళ వంతు. ఇంకోసారి చదవండి. కిటికీ అందం యజమానిది, కిటికీ భద్రత అద్దెదారుది. యజమాని ఆస్తి విలువ పెంచే పని యజమానికి, లోపలున్న మనిషి ప్రాణాన్ని కాపాడే పని ఆ మనిషికే. ఇంట్లో దిగేనాటికే ఆ తాళం విరిగి ఉంటే ఎవరిదనే వివరం ఆ పంక్తిలో లేదు. కొళాయి వాషరుతో పాటు కిటికీ తాళాన్ని కూడా 'వాడకంలో అరిగే చిల్లర సామాను' కింద జమకట్టారు. ఈ షెడ్యూలు రాసిన బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళెవరూ ఎప్పుడూ కింది అంతస్తులో ఒంటరిగా పడుకుని ఉండరని నేను పందెం కాస్తాను.

ఇదే చట్టంలో మంచి అంశాలూ ఉన్నాయి, కాదనను. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదన్నారు. యజమాని లోపలికి రావాలంటే ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలన్నారు, అదీ పగటి పూటే. ఈ రెండో నియమం స్త్రీలకు చాలా విలువైనది, దాన్ని మనం ప్రచారం చెయ్యాలి. కానీ అద్దె రాష్ట్రాల జాబితాలోని విషయం గనక నమూనా చట్టం నమూనాగానే ఉంటుంది, ఏ రాష్ట్రమైనా తన చట్టసభలో పెట్టుకుంటే తప్ప. ఆంధ్రప్రదేశ్ 2017లోనే తన అద్దె చట్టాన్ని తిరగరాసుకుంది. తెలంగాణకు సంక్రమించినది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. 2005 సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్ళూ, కట్టి పదిహేనేళ్ళు నిండని భవనాలూ ఆ చట్టం బయటికి పోయాయి. హైదరాబాదులో 3,500 లోపు అద్దెకు ఇప్పుడు ఏం దొరుకుతుందో మీకే తెలుసు. నగరంలోని ఫ్లాట్లలో అత్యధిక భాగం దాని నీడ కిందికి రానే రావు.

అలా బయటపడ్డవాళ్ళకు మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, అందులోని 108వ సెక్షన్. తెల్లదొరల కాలంనాటి ఈ సెక్షన్ మనకు కొంత పనికొస్తుంది. యజమాని చేయాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చినా తగిన వ్యవధిలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని (ఎఫ్) క్లాజు చెబుతుంది. చిక్కల్లా 'చేయాల్సిన' అనే మాటలో ఉంది. ఏది చేయాల్సినదో అగ్రిమెంటులో రాసుకోకపోతే యజమాని 'అది నా బాధ్యత కాదు' అనేస్తాడు. మనం స్టాంపు పేపరు దుకాణంలో కొనుక్కునే పదకొండు నెలల అగ్రిమెంటు నమూనా చూడండి. అద్దె ఏ తేదీకి కట్టాలో, గోడకు మేకు కొడితే ఏమవుతుందో, రంగులకు ఎంత కోస్తారో అన్నీ ఉంటాయి. కిటికీ మాట ఉండదు. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల చట్టమిచ్చిన హక్కు కాగితంలోకి దిగడం లేదు.

మరోవైపు సొంత ఖర్చుతో బాగుచేసుకుందామన్నా కుదరనివ్వరు. డ్రిల్లింగ్ చేస్తే టైల్సు పగులుతాయి, గ్రిల్లు మారిస్తే ఎలివేషను పాడవుతుంది, అసోసియేషను ఒప్పుకోదు. నేను పరిశోధక విద్యార్థిగా అద్దెకున్న గదికి నా ఫెలోషిప్పు డబ్బుతో గ్రిల్లు పెట్టించుకున్నాను. ఖాళీ చేసేరోజు గోడకు కన్నాలు పొడిచానని అడ్వాన్సులో కోత పెట్టారు, గ్రిల్లు మాత్రం ఉంచేసుకున్నారు. అదే 108వ సెక్షన్ (హెచ్) క్లాజు ప్రకారం అద్దెదారు తాను బిగించుకున్నవి, ఇంటిని ముందున్న స్థితిలో అప్పగించే షరతు మీద, విప్పుకుపోవచ్చు. ఎంతమంది విప్పుకుపోయారు? ఇలా ఏళ్ళ తరబడి అద్దెదారుల డబ్బుతో యజమానుల కిటికీలు గట్టిపడుతూ వచ్చాయి. తర్వాత వచ్చినావిడ దగ్గర 'సేఫ్టీ గ్రిల్లుంది' అని ఇంకో అయిదు వందలు ఎక్కువ తీసుకుంటారు.

ఇక్కడ గ్రిల్లు గురించే ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. భద్రత అనగానే మనవాళ్ళకు తోచేది బోను. కిటికీలకూ, బాల్కనీకీ, వంటింటి వెనక యుటిలిటీకీ మొత్తం ఇనప చట్రాలు బిగించి వెల్డింగ్ చేసేస్తారు. హాస్టళ్ళలోనైతే మరీ. ఆడపిల్లల హాస్టలు అని బోర్డు చదవకుండానే కిటికీలు చూసి చెప్పొచ్చు. ఆ బోను బయటివాణ్ణి ఎంత ఆపుతుందో లోపలివాళ్ళనూ అంతే ఆపుతుంది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ ముఖర్జీనగర్‌లో ఆడపిల్లలు పేయింగ్ గెస్టులుగా ఉంటున్న భవనంలో మెట్ల దగ్గర మంట మొదలైంది. 35 మందిని బయటికి తీసుకురాగలిగారు. 2025 మే 18న మన చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంట్లో మంటలు లేచి, పసిపిల్లలతో సహా 17 మంది చనిపోయారు. పైనుంచి కిందికి రావడానికి ఉన్నది ఒకే ఒక ఇరుకు మెట్లదారి. మెట్లలోకి పొగ కమ్మేస్తే మిగిలేది కిటికీయే. ఆ కిటికీకి తెరుచుకోని గ్రిల్లుంటే నిచ్చెన వేసుకుని వచ్చినవాళ్ళు కూడా ముందు దాన్ని కోసే పనిలో పడాలి. పొగ అంతసేపు ఆగదు.

పరిష్కారం కష్టమైనదేమీ కాదు. ప్రతి గదిలో కనీసం ఒక కిటికీ గ్రిల్లుకు కీళ్ళు పెట్టి, లోపలినుంచి తెరుచుకునే తలుపులా చేయించాలి. దాని తాళం చెవి ఇంట్లో అందరికీ తెలిసిన మేకుకు, బయటినుంచి చెయ్యి పెడితే అందనంత దూరంలో వేలాడాలి. బయటి మరల తలలు వెల్డింగ్ చేయించాలి, లేదా ఒకవైపే తిరిగే మరలు వాడాలి. జారుడు కిటికీ పట్టాలో సరిగ్గా సరిపోయే కర్ర ముక్క అడ్డం పెడితే అది పక్కకు జరగదు. పైకెత్తి తీసే వీలు లేకుండా పైపట్టాలో బిళ్ళ వేయించాలి. గాలికి నాలుగైదు అంగుళాలు తెరిచి అక్కడే ఆగిపోయేలా చేసే ఆపుడు బిళ్ళలూ దొరుకుతాయి. వెంటిలేటర్‌కు లోపలివైపు చిన్న చువ్వల చట్రం కావాలి. ఒక వెల్డరూ ఒక వడ్రంగీ కలిస్తే రోజు రెండు రోజుల పని. నెలకు పదిహేను వేలు అద్దె తీసుకునే ఇంటికి ఇది భారమని ఎవరైనా అంటే నేను నమ్మను.

దీనిమీద మన శిబిరంలోనే ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. రేప్ కేసుల్లో నూటికి తొంభై అయిదుకు అటూ ఇటూగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా చెబుతూనే ఉంది. హింస తలుపులోంచి, తాళంచెవితో వస్తుంటే మనం కిటికీ మీద దృష్టి పెట్టడమంటే 'చీకట్లో అపరిచితుడు' అనే పాత భూతానికి మళ్ళీ ప్రాణం పోయడం కాదా? నా జవాబు ఇది. కిటికీ దగ్గరికి వచ్చేవాడు అపరిచితుడని ఎవరన్నారు? డూప్లికేటు తాళంచెవి దగ్గర పెట్టుకున్న ఓనరు కొడుకు, ప్రేమించలేదని కక్షగట్టిన క్లాస్‌మేటు, విడిగా ఉంటున్న భర్త, వీళ్ళు తెలిసినవాళ్ళే. మన కౌన్సెలింగ్ కేంద్రాలకు వచ్చే స్త్రీలు అర్ధరాత్రి కిటికీ అద్దం మీద పడిన రాయి గురించి చెప్పినప్పుడు, ఆ రాయి విసిరినవాడి పేరు వాళ్ళకు తెలుసు. మనం ఆ పేరు మీద కేసు పెట్టించాం. పగిలిన అద్దం మాత్రం అలాగే వదిలేశాం.

చట్టం ఇక్కడా సగందూరమే వస్తుంది. స్త్రీని చాటుగా చూడడం, ఫోటో తీయడం 2013 సవరణతో నేరమైంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్. కానీ అక్కడి నిర్వచనం దుస్తులు లేని స్థితి, స్నానపు గది, లైంగిక చర్య చుట్టూ గీసిన గీత. నైటీ వేసుకుని నిద్రపోతున్న మనిషిని కిటికీలోంచి గంటసేపు చూస్తూ నిలబడ్డవాడు ఆ గీతలోకి సులువుగా రాడు. 'ఏం చేశాడమ్మా, చూశాడు, అంతేగా' అని స్టేషన్లో అనేస్తారు. శిక్ష చట్టం నేరం జరిగాక వస్తుంది. గడియ అంతకు ముందే ఉండాలి.

గృహహింస చట్టాన్ని మనం ఇక్కడ ఇంతకంటే బాగా వాడుకోవచ్చు. 2005 చట్టంలోని 19వ సెక్షన్ (1)(ఎఫ్) కింద బాధితురాలికి అదే స్థాయి వేరే వసతి చూపించమని, లేదా దాని అద్దె కట్టమని భర్తను మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. మన పిటిషన్లలో అద్దె మొత్తం రాస్తాం, ఆ ఇల్లెలా ఉండాలో రాయం. అదే సెక్షన్ (2)వ ఉపసెక్షన్ ఆమె భద్రతకు, పిల్లల భద్రతకు అవసరమైన ఏ షరతైనా, ఏ ఆదేశమైనా ఇచ్చే అధికారం మేజిస్ట్రేటుకు ఇస్తోంది. కిటికీల మరమ్మతు ఖర్చు, గ్రిల్లు, తాళాల మార్పిడి ఈ ఉపసెక్షన్ కింద అడగడానికి అడ్డేమీ లేదు. అడగాలి. సంరక్షణాధికారి ఇచ్చే నివేదికలో గదుల సంఖ్యతో పాటు కిటికీల స్థితి కూడా రాయించాలి.

విదేశాల ఊసెత్తితే 'వాళ్ళకూ మనకూ పోలికా' అంటారు గాని, అక్కడ అద్దెకుంటున్నది మన పిల్లలే. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2021 మార్చి 29 నుంచి, తెరుచుకునే ప్రతి బయటి కిటికీకీ బయటినుంచి ఎవరూ రాకుండా ఆపే, పనిచేసే గడియ ఉండడం అద్దె ఇళ్ళ కనీస ప్రమాణాల్లో ఒకటి. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో ఇల్లు తగినంత భద్రంగా ఉండడానికి కావలసిన తాళాలు పెట్టడమూ, వాటిని పనిచేసే స్థితిలో ఉంచడమూ యజమాని బాధ్యతని 2010 చట్టం చెబుతుంది. న్యూయార్క్ నగరంలో పదేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళ కిటికీలకు, వాళ్ళు పడిపోకుండా యజమానే అడ్డుకమ్మీలు పెట్టాలన్న నియమం 1976 నుంచి ఉంది. అక్కడ స్త్రీలకు స్వర్గమేమీ లేదు, అద్దెలు మోయలేక అల్లాడుతున్నారు. కానీ 'గడియ ఎవరిది' అనే ప్రశ్నకు అక్కడి చట్టం ఒక జవాబు ఎంచుకుంది, మన షెడ్యూలు దానికి సరిగ్గా తలకిందులు జవాబు ఎంచుకుంది. ఇది దేశం బీదతనానికి సంబంధించిన విషయం కాదు.

ఓనర్లందరూ రాక్షసులని నేను రాయడం లేదు. ఒక్క పోర్షను అద్దెకిచ్చి ఆ డబ్బుతో మందులు కొనుక్కునే వితంతువులున్నారు, వాళ్ళూ మన స్త్రీలే. అటువంటివారికి పురపాలక సంస్థ ఆస్తిపన్నులో ఆ ఏడాది కొంత తగ్గింపు ఇచ్చినా తప్పులేదు. కానీ నాలుగంతస్తులు లేపి పదహారు పోర్షన్లు అద్దెకిచ్చి, గేటుకు సీసీ కెమెరా పెట్టి 'ఫుల్ సెక్యూరిటీ' అని టులెట్ బోర్డు మీద రాసేవాళ్ళకు ఏ మినహాయింపూ అక్కర్లేదు. ఆ కెమెరా ఏ అమ్మాయి ఎన్నింటికి వచ్చిందో, ఎవరి బండి దిగిందో చూస్తుంది. వెనకవైపు పైపునూ సజ్జానూ చూడదు.

తెలంగాణలో కొత్త అద్దె చట్టం ఎప్పుడు చర్చకొచ్చినా షెడ్యూలులో ఆ ఒక్క పంక్తి మారాలి. కిటికీల, తలుపుల తాళాలు, గడియలు, అద్దాలు అద్దెదారు పగలగొడితే తప్ప యజమాని బాధ్యత. ఆంధ్రప్రదేశ్‌లో సవరణ కోసం అడగాలి. కొత్త భవనాలకు నివాసయోగ్యతా పత్రం ఇచ్చే ముందు మెట్లనూ పార్కింగునూ కొలిచినట్టే, కిటికీ గ్రిల్లు లోపలినుంచి తెరుచుకుంటుందో లేదో చూడాలి. హాస్టళ్ళ తనిఖీలో ఇది మొదటి అంశం కావాలి. వాచ్‌మన్ గదికి కిటికీ, ఆ కిటికీకి గడియ లేకుండా ఏ ప్లానూ మంజూరు కాకూడదు.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. అగ్రిమెంటులో చేర్చడానికి ఈ వాక్యం వాడుకోండి: "ఇల్లు అప్పగించే నాటికి అన్ని కిటికీల, వెంటిలేటర్ల గడియలు, గ్రిల్లులు పనిచేసే స్థితిలో ఉన్నవి. వాటి మరమ్మతు, మార్పిడి యజమాని చేయవలెను. రాతపూర్వకంగా తెలిపిన పదిహేను రోజులలో చేయనిచో అద్దెదారు చేయించి ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకొనవచ్చును." ఈ మూడు వాక్యాలుంటే 108వ సెక్షన్‌లోని 'చేయాల్సిన' అనే మాటకు అర్థం ఏర్పడుతుంది. ఒంటరిగా ఉన్న అమ్మాయి అడిగితే ఓనరు నవ్వి తీసిపారేస్తాడు, నిజమే. అందుకే సంఘం అడగాలి. మన కేంద్రాల్లో పనిచేసే ఒకరు ఇల్లు చూడ్డానికి ఆమెతో కలిసి వెళ్ళాలి. ఒకే గల్లీలో అద్దెకున్నవాళ్ళు నలుగురైదుగురు కలిసి ఒకే నమూనా పట్టుకెళ్ళాలి. జూన్‌లో కాలేజీలు తెరిచే ముందు, హాస్టళ్ళూ గదులూ మారే రోజుల్లో ఈ పని మొదలుపెడితే బావుంటుంది. ప్రతి కిటికీనీ తెరిచి, మూసి, గడియ వేసి, పలకను పైకెత్తి చూడాలి. పడని గడియలకు ఫోటో తీసి తేదీతో ఓనరుకు పంపాలి. అడ్వాన్సు ఆ తర్వాతే ఇవ్వాలి.